జాగ్రత్త ఎవరు పడాలి?

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. నా దగ్గర ఎం.ఏ. తెలుగు చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు వాళ్ల మండలంలో ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్. జీతమంటూ లేదు. లైన్ అకౌంట్ మీద నెలకి వచ్చేది పెట్రోలుకి చాలదు. పైగా పండగలకీ, నాయకుల పుట్టినరోజులకీ ప్రకటనలు తెచ్చిపెట్టాలి. అయినా తనకి ఆ పనంటే ప్రాణం. వాగులోంచి రాత్రిపూట ఇసుక ట్రాక్టర్లు ఎలా దాటిపోతున్నాయో వరసగా రెండు వార్తలు రాసింది. మూడోది రాసేలోపు తన ఫొటో, ఫోన్ నంబరు, కింద ఒక బూతు వాక్యం కలిపి మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరాయి. ఆ ఒక్క రాత్రే నలభైకి పైగా ఫోన్లు వచ్చాయట.

పొద్దున స్టేషన్‌కి వెళ్తే "ముందు నంబరు మార్చుకోమ్మా" అన్నారు. ఆఫీసులో "ఆ ఐటమ్ కొన్నాళ్లు వదిలెయ్" అన్నారు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ ఫోన్ తీసి బీరువాలో పెట్టారు. నాతో మాట్లాడింది వాళ్లమ్మ ఫోన్ నుంచి.

"మేడమ్, విలేకరులు ఎలా జాగ్రత్తగా ఉండాలో చెప్పే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయట కదా. కాస్త తెలుగులో రాసిపెడతారా? నా ఒక్కదానికే కాదు. మా డివిజన్‌లో ఇంకో నలుగురం ఆడవాళ్లం ఉన్నాం" అంది.

సరేనన్నాను. కథల్నీ కవితల్నీ చదవడం తప్ప నాకు ఈ విషయంలో ప్రవేశం లేదు. అందుకని ఆ కరదీపికల్ని కూడా కథల్ని చదివినట్టే చదివాను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరి ఊసు ఎత్తడంలేదు అని చూసుకుంటూ. ఆ చదువులో నాకు తోచినవి మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

నా ముందున్నవి ముఖ్యంగా మూడు. జర్నలిస్టుల రక్షణ కోసం పనిచేసే సి.పి.జె. సంస్థ 2012లో వేసిన మార్గదర్శిని, యునెస్కోతో కలిసి రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ 2015లో తెచ్చిన పుస్తకం, ఆన్‌లైన్ వేధింపుల గురించి పెన్ అమెరికా 2018లో తయారుచేసిన కరదీపిక. వీటిని తీసిపారెయ్యడానికి లేదు. చనిపోయిన, జైలుపాలైన, కిడ్నాపైన విలేకరుల అనుభవాల్లోంచి పుట్టిన పుస్తకాలివి. కానీ మొదటి మాట దగ్గరే నాకు కాలు అడ్డుపడింది. 'సేఫ్టీ' అన్నదాన్ని తెలుగులో ఏమనాలి? భద్రత అంటే సర్కారు కాగితంలా ఉంది. రక్షణ అంటే ఎవరో మనని కాపాడుతున్నారన్న ధ్వని వస్తోంది. మన ఇళ్లలో నిజంగా వాడే మాట ఒక్కటే, జాగ్రత్త. నేను మొదటిసారి హాస్టల్‌కి బయల్దేరినప్పుడు మా అమ్మ బస్సు కిటికీలోంచి చెప్పిన మాట అదే. అదే ఏడాది హాస్టల్‌కి వెళ్లిన మా తమ్ముడికి ఆమె చెప్పింది, "బాగా చదువుకో" అని.

చేసినంతవరకు ఆ అమ్మాయికి పంపాను. రెండ్రోజుల తర్వాత ఫోన్‌లో ఒకటే నవ్వు. "మేడమ్, ఒంటరిగా వెళ్లకు, ఎక్కడికి పోతున్నావో చెప్పి వెళ్లు, ఫొటోలు ఎవరికీ ఇవ్వకు, చీకటి పడకముందే వచ్చెయ్. ఇవన్నీ మా నాయనమ్మ చెప్పినవే. ఆవిడకి పాస్‌వర్డ్ సంగతొక్కటే తెలీదు."

ఆ నవ్వులో నాకు గొప్ప విమర్శ వినిపించింది. యుద్ధభూమికి వెళ్లే మగ విలేకరికి కొత్తగా చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ మన ఆడపిల్లలు పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నారు. అవన్నీ పాటించినా వాళ్లకి భద్రత దొరకలేదన్నది కూడా మనకు తెలుసు.

కరదీపికల వాక్యాల్ని గమనించండి. చెయ్యండి, చెయ్యకండి, మార్చుకోండి, దాచుకోండి. ప్రతి వాక్యానికీ కర్త 'మీరు'. ఎవరీ మీరు? తనకంటూ ఒక ఫోనూ, ఒక గదీ ఉన్న మనిషి. వెనక ఒక ఆఫీసు, ఆ ఆఫీసుకో లాయరు, బీమా ఉన్న మనిషి. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో తనే నిర్ణయించుకోగల మనిషి. బీరువాలో ఫోన్ ఉన్న అమ్మాయి ఆ 'మీరు'లో ఇమడదు. ఇక వేధించేవాడు వాక్యంలో ఎక్కడా కనబడడు. 'వేధింపులు జరిగితే' అని ఉంటుంది. వాన కురిస్తే గొడుగు పట్టుకోండి అన్నట్టు. వాన కురిపించేవాడు లేడు గానీ, ఆ ఫొటోని గ్రూపులో పెట్టినవాడికి ఒక పేరుంది, ఒక ఊరుంది, బహుశా ఒక ట్రాక్టరు కూడా ఉంది.

నంబరు మార్చుకోమన్న సలహానే తీసుకుందాం. ఊరి వి.ఆర్.ఓ.కీ, అంగన్‌వాడీ టీచరుకీ, వాగు ఒడ్డున కల్లు గీసే మనిషికీ ఆమె నంబరు తెలుసు. వాళ్ల ఫోన్లే ఆమె వార్తలు. నంబరు మార్చుకోవడమంటే కంట్రిబ్యూటర్‌గా మళ్లీ మొదటినుంచి పుట్టడం.

ఈ ఇరుకుని అర్థం చేసుకోవడానికి నేను కరదీపికలు పక్కనపెట్టి, ఆ దాడులు అనుభవించిన స్త్రీలు చెప్పుకున్న మాటల వైపు వెళ్లాను.

రాణా అయ్యూబ్ 2010లో మైథిలీ త్యాగి అన్న మారుపేరుతో, సినిమాలు తీసే అమ్మాయిగా గుజరాత్‌లో అధికారుల్ని కలిసింది. ఏ ప్రచురణకర్తా ముందుకు రాకపోతే 2016లో 'గుజరాత్ ఫైల్స్'ని తనే అచ్చువేసుకుంది. ఆ పుస్తకంతో ఎవరైనా విభేదించవచ్చు. మారువేషంలో సంభాషణలు రికార్డు చెయ్యడం సరైనదేనా అని అడగవచ్చు. అది విమర్శ. కానీ 2018 ఏప్రిల్‌లో ఆమెకి ఎదురైంది విమర్శ కాదు. ఒక అశ్లీల వీడియోలో వేరే స్త్రీ దేహానికి ఆమె ముఖం అతికించి ఫోన్లనిండా పంచారు. నంబరూ, చిరునామా బయటపెట్టారు. ఆ మేలో ఐక్యరాజ్యసమితి నిపుణులు ఆమెకి రక్షణ కల్పించమని భారత ప్రభుత్వాన్ని కోరాల్సివచ్చింది. అదే ఏడాది నవంబరులో ఆమె ఆ అనుభవం రాసింది. గుండెదడతో ఆసుపత్రిపాలవడం, అప్పటినుంచి ఏదైనా రాసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం దాచకుండా చెప్పుకుంది. ధైర్యవంతురాలిగా పేరుపడ్డ మనిషి 'నేను తగ్గాను' అని ఒప్పుకోవడం నన్ను ఆ పుస్తకం కన్నా ఎక్కువగా కదిలించింది.

స్త్రీ రాసిన వాక్యానికి జవాబు ఆమె దేహం మీద రాయడం మనకి కొత్తా? స్త్రీవాద కవిత్వం వచ్చిన రోజుల్లో దాన్ని 'నీలి కవిత్వం' అన్నారు మన సాహిత్యంలోనే. పురుడు గురించీ, పడకగది గురించీ రాసిన కవయిత్రికి వచ్చిన ప్రశ్నలు కవిత గురించి కాదు, ఆమె నడవడి గురించి. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చేనాటికి ఆ మాటల బరువు ఎంతో ఆ తరం వాళ్లకి తెలుసు. అప్పుడు నోటితో అన్నదాన్ని ఇప్పుడు యంత్రంతో బొమ్మ గీసి చూపిస్తున్నారు. సాధనం మారింది, వ్యాకరణం అదే.

ఇక చట్టం సంగతి. ఫిలిప్పీన్స్ పాత్రికేయురాలు మరియా రెస్సా 2022లో రాసిన 'హౌ టు స్టాండ్ అప్ టు ఎ డిక్టేటర్' నేను రెండుసార్లు చదివాను. ఆమె సంస్థ రాప్లర్ 2012 మేలో ఒక వార్త వేసింది. సైబర్ పరువునష్టం చట్టం అప్పటికి ఇంకా పుట్టలేదు. 2014లో ఆ వార్తలో ఒక ఇంగ్లీషు మాటలో జారిపోయిన అక్షరాన్ని సరిదిద్దారు. ఆ అక్షరదోషం దిద్దడాన్నే కొత్త ప్రచురణగా లెక్కగట్టి, 2020 జూన్ 15న ఆమెనీ, ఆ వార్త రాసిన సహచరుణ్నీ దోషులన్నారు. ప్రూఫులు దిద్దుకునే వాళ్లం, మనకి అర్థం కావాలి ఇందులోని క్రూరత్వం. 2021లో ఆమెకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అయినా మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ శిక్షని సమర్థించింది.

మన దగ్గరా ఇది దూరపు కథ కాదు. ముఖ్యమంత్రిని ఒక వ్యక్తి దూషించే వీడియో ప్రసారం చేశారన్న కేసులో 2025 మార్చి 12న హైదరాబాదులో పల్స్ న్యూస్ నడిపే రేవతినీ, రిపోర్టర్ తన్వి యాదవ్‌నీ అరెస్టు చేశారు. తర్వాత బెయిలు వచ్చింది. ఆ వీడియోలోని భాష మీద మనకి అభ్యంతరం ఉండొచ్చు. కానీ భాష మీద అభ్యంతరానికి తెల్లవారుజామున ఇంటి తలుపు కొట్టడం జవాబా? మరోపక్క, ఇదే చట్టం ప్రియా రమణిని నిర్దోషి అంది. లైంగిక వేధింపు గురించి మాట్లాడినందుకు ఎం.జె. అక్బర్ వేసిన పరువునష్టం కేసులో 2021 ఫిబ్రవరి 17న వచ్చిన తీర్పు, దశాబ్దాల తర్వాతైనా స్త్రీకి తన బాధ చెప్పుకునే హక్కు ఉందంది. గెలిచింది, నిజమే. కానీ ఆ గెలుపుకి రెండేళ్లకి పైగా కోర్టు మెట్లు ఎక్కాల్సివచ్చింది. వెనక పెద్ద లాయర్లు, స్నేహితులు ఉన్న పాత్రికేయురాలు కాబట్టి ఎక్కగలిగింది. మండలంలోని అమ్మాయికి ఒక్క వాయిదా అంటే ఒక రోజు కూలీ, బస్సు చార్జీ, ఇంట్లో ఒక అబద్ధం.

రెస్సా పుస్తకంలో నాకు దక్కిన అసలు సంగతి వేరు. 2016లో ఆమెకి గంటకి సగటున 90 ద్వేషపు సందేశాలు వచ్చేవట. వాటిని ఆమె ఒక్కతే కూర్చుని చదువుకోలేదు. ఆఫీసంతా కలిసి లెక్కపెట్టారు, ఏ ఖాతాలు ఏ ఖాతాలతో కలిసి పనిచేస్తున్నాయో పటం గీశారు, వార్తగా వేశారు. ఆ సంస్థని నిలబెట్టిన నలుగురు స్త్రీలనీ అక్కడి కుర్రవిలేకరులు 'మనాంగ్' అని పిలుస్తారు. మనాంగ్ అంటే అక్క. నాకు ఈ ఒక్క మాట కరదీపికల కన్నా ఎక్కువ చెప్పింది. అక్కలున్న చోట జాగ్రత్త అన్న మాటకి అర్థం మారిపోతుంది. 'నువ్వు జాగ్రత్తగా ఉండు' అన్నది 'మేం చూస్తున్నాం' అవుతుంది.

అయితే రెస్సా పుస్తకంతో నాకో పేచీ ఉంది. ఆమె పోరాటంలో ప్రపంచం కనిపిస్తుంది, పెద్ద పెద్ద లాయర్లు, వేదికలు కనిపిస్తాయి. ఇవేవీ లేని చోట ఏమిటి? ఆ ప్రశ్నతో నేను బుందేల్‌ఖండ్ వైపు చూశాను. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో గ్రామీణ స్త్రీలు, ఎక్కువగా దళిత స్త్రీలు, 'ఖబర్ లహరియా' మొదలుపెట్టారు. 2015లో ఒక మగాడు రకరకాల నంబర్ల నుంచి ఆ విలేకరులకి నెలల తరబడి ఫోన్లు చేసి బూతులు మాట్లాడాడు, బెదిరించాడు. ఫిర్యాదులు ఇచ్చినా ఫలితం లేదు. చివరికి వాళ్లు తమ అనుభవాన్ని తామే రాసి ఆ సెప్టెంబరులో బయటపెట్టారు. అది దేశమంతా వార్తయ్యాక గాని అరెస్టు జరగలేదు. బాధితురాలు సిగ్గుతో దాచుకుంటుందన్న నమ్మకం మీదే ఆ మగాడి బలమంతా ఉంది. కలిసి రాయడంతో ఆ నమ్మకం పోయింది. ఇది ఏ కరదీపికలోనూ లేని రక్షణ సూత్రం.

వాళ్ల మీద రింటు థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' (2021) డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అందులో చిన్నప్పుడు గనుల్లో పనిచేసిన సునీత ఇప్పుడు అదే గనుల గురించి వార్త రాయడానికి, చుట్టూ మూగిన మగవాళ్ల మధ్య ఫోన్ పట్టుకుని నిలబడుతుంది. మీరా తోటి స్త్రీలకి స్మార్ట్‌ఫోన్ వాడకం నేర్పుతుంది. శ్యామ్‌కలి బెరుకుబెరుకుగా నేర్చుకుంటుంది. నాకు సునీత ధైర్యం కన్నా ఆ నేర్పే దృశ్యాలే ముఖ్యమనిపించాయి. కానీ 2022 మార్చిలో ఖబర్ లహరియా వాళ్లే ఈ చిత్రంతో విభేదించారు. తమ పనంతా ఒకే పార్టీ మీద కేంద్రీకరించినట్టు చూపడం సరికాదన్నారు. చాలామందికి ఇది కృతఘ్నతలా తోచింది. నాకలా తోచలేదు. సినిమా చూసినవాళ్లం చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. వాళ్లు మర్నాడు అదే ఊళ్లో, అన్ని పార్టీల మనుషుల మధ్య వార్త అడగాలి. ఆ ఊరి నమ్మకమే వాళ్ల భద్రత. ధైర్యాన్ని కీర్తించేవాళ్లం కూడా ఆ ధైర్యవంతుల్ని ప్రమాదంలోకి నెట్టగలం. ఈ వ్యాసం రాస్తూ నేనూ అది గుర్తుంచుకోవాలి. అందుకే ఆ అమ్మాయి పేరు, ఊరు ఇక్కడ లేవు.

ఇంతకీ ఆన్‌లైన్, చట్టం, దేహం, మనసు అని కరదీపికలు నాలుగు అధ్యాయాలుగా విడగొట్టిన ప్రమాదాలు బతుకులో విడివిడిగా వస్తాయా? గౌరీ లంకేశ్‌ని తలచుకోండి. 2008లో వేసిన వార్త మీద పరువునష్టం కేసులో 2016 నవంబరులో హుబ్బళ్లి కోర్టు ఆరు నెలల శిక్ష వేసింది. బెయిలు మీద బయటికొచ్చింది. 2017 సెప్టెంబరు 5 సాయంత్రం బెంగళూరులో తన ఇంటి ముందు కాల్చి చంపారు. ఆ చావు మీద కూడా సోషల్ మీడియాలో సంబరాలు చేసుకున్నారు. అప్పటికి ఆమె రాస్తున్న పత్రికలో ఆఖరి సంపాదకీయం అబద్ధపు వార్తల గురించి. ఇందులో ఏది ఏ అధ్యాయం కిందికి వస్తుంది? యునెస్కో, ఐ.సి.ఎఫ్.జె. కలిసి 2020లో చేసిన సర్వేలో జవాబిచ్చిన స్త్రీ పాత్రికేయుల్లో 73 శాతం ఆన్‌లైన్ హింసకి గురయ్యామన్నారు. 20 శాతం ఆ హింస తెర దాటి బయట దాడిగా మారిందన్నారు. ఫోన్‌లోని మాటకీ వీధిలోని చేతికీ మధ్య గోడ లేదని చెప్పే అంకె అది. సి.పి.జె. పుస్తకంలో మానసిక ఒత్తిడి చివర్లో వచ్చే అధ్యాయం. మా అమ్మాయికి అది మొదటి రాత్రే మొదలైంది. ఫోన్ మోగితే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయట.

మరి ఈ కరదీపికలు దండగేనా? కాదు. మేం వాటిలోంచి తీసుకున్నవి చాలా ఉన్నాయి. ఖాతాలకి రెండంచెల తాళం. బూతు సందేశం చూడగానే తుడిచెయ్యకుండా తేదీ, సమయం, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో మనిషి దగ్గర దాచడం. అవి చదివే పని స్నేహితురాలికి అప్పగించడం. వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని, అశ్లీల చిత్రాలకి సమాచార సాంకేతిక చట్టంలో 67, 67ఎ సెక్షన్లు ఉన్నాయని, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్.ఐ.ఆర్. రాయించవచ్చని తెలిసి ఉండడం. పెన్ అమెరికా కరదీపికలో యజమానులకీ, తోడు నిలిచేవాళ్లకీ విడిగా సూచనలున్నాయి. మిగతావాటికన్నా అది నాకు అందుకే నచ్చింది. తెలివిడి అవసరమే. అయితే ఆ తెలివిడి ఒంటరి ఆడమనిషి నెత్తిన పెట్టే ఇంకో బరువు కాకూడదు. ఏదైనా జరిగాక 'నువ్వెందుకు జాగ్రత్త పడలేదు' అని అడగడానికి సాక్ష్యం కాకూడదు.

చివరికి ఆ ఐదుగురితో ఒక ఆదివారం కూర్చుని చిన్న పుస్తకాన్ని తిరగరాశాం. 'మీరు' అని ఉన్న చోటల్లా 'మనం' పెట్టాం. 'ఒంటరిగా స్టేషన్‌కి వెళ్లకండి' తీసేసి 'ఇద్దరం కలిసి వెళ్దాం' అని రాశాం. 'వేధింపులు జరిగితే' బదులు 'ఎవడైనా వేధిస్తే' అన్నాం. ఒకామె ఇంట్లోవాళ్లకి చదివి వినిపించడానికి ఒక పేజీ కావాలంది. 'ఫోన్ తీసి బీరువాలో పెట్టకండి' అన్న వాక్యంతో అది మొదలవుతుంది. నేను పత్రికాఫీసుల కోసం ఒక పేజీ కలిపాను. లైన్ అకౌంట్ మీద రాసినా ఆమె మీ విలేకరే, బెదిరింపు వచ్చిన రోజు మొదటి ఫోన్ మీరే చెయ్యాలి, ఫిర్యాదు మీద మీ సంతకం ఉండాలి అని. ఆ పేజీ ఎవరైనా చదువుతారన్న భ్రమ నాకు లేదు.

ఆ అమ్మాయి మళ్లీ పనిలోకి వెళ్తోంది. అదే నంబరు. బడి మధ్యాహ్న భోజనాల గురించీ, పింఛన్ల గురించీ రాస్తోంది. ఇసుక వార్త మాత్రం మూడోది రాలేదు. నేను అడగలేదు, తను చెప్పలేదు. వేధింపుల్ని లెక్కపెట్టే సర్వేలు ఉన్నాయి. రాయకుండా ఆగిపోయిన మూడో వార్తని ఎవరు లెక్కపెడతారు? ఆమె క్షేమంగా ఉంది, వాగు ఖాళీ అవుతోంది. దీన్ని భద్రత అందామా?

మా పుస్తకం ఆఖరి పేజీలో, ఆపదలో ఫోన్ చెయ్యాల్సిన వాళ్ల పేర్లు రాసుకోవడానికి ఆరు గీతలు వదిలాం. మొన్న వచ్చినప్పుడు తన ప్రతి చూపించింది. నలుగురు తోటి విలేకరుల పేర్లు, ఐదోది నాది. ఆరో గీత ఖాళీగా ఉంది.

"అదెందుకు వదిలేశావ్?" అన్నాను.

"ఆఫీసుకి మేడమ్. వాళ్లు నంబరిస్తే రాద్దామని."